అరకిలో తగ్గితే పదకొండు సెకన్లు

మిర్యాలగూడలో తూకం గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. వడ్ల లోడు వేబ్రిడ్జి ఎక్కిందంటే తేమ ఎంత, తాలు ఎంత, చివరికి తరుగు ఎంత అన్న లెక్క మొదలవుతుంది. కాగితం మీది బరువు ఒకటి, చేతికి వచ్చేది మరొకటి. సైకిలు చక్రాలకూ ఈ తరుగు ఉంది, కాకపోతే తిరగబడి ఉంటుంది. కంపెనీ 1,600 గ్రాములని రాస్తుంది. అందులో రిమ్ము లోపల అతికించే టేపు ఉండదు, ఇరుసును బిగించే క్విక్ రిలీజ్ కడ్డీలు ఉండవు. టేపుకు 30, కడ్డీలకు 120 కలిపితే 1,750. దాని మీద టైర్లు, ట్యూబులు, వెనక పళ్ల చక్రాల గుత్తి అయిన క్యాసెట్ ఎక్కాక కిరాణా కొట్టు కాంటా మీద పెట్టండి. 2,700 దాకా చూపిస్తుంది.

రోడ్ బైక్ కొన్న ఏడాదికి చాలామందికి ఒక కోరిక పుడుతుంది: ఉన్న చక్రాలు పక్కన పెట్టి, ఆదివారం సవారీకి ఇంకో తేలికైన జత కొనాలని. వీల్‌సెట్ అనే ఈ జతకు పెట్టే డబ్బుతో మామూలు సైకిళ్లు మూడో నాలుగో వస్తాయి. కనుక కొనే ముందు లెక్క చూడాలి. లెక్కకు మన రోడ్డే తీసుకుందాం.

సూర్యాపేట నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడకు దాదాపు 45 కిలోమీటర్లు. అక్కడ 167వ నంబరు రహదారి పట్టుకుని హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు 60కి కాస్త అటూ ఇటూ. అక్కడి నుంచి తిరిగి సూర్యాపేటకు మరో 45. చుట్టు మొత్తం 150 అనుకుందాం. మూసీని రెండుసార్లు దాటాలి. ఘాట్ అన్నమాటే లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పారే పొలాల మధ్య దారి కదా, చాలా భాగం చదునే.

తొక్కే మనిషి 70 కిలోలు, సైకిలూ నీళ్లూ కలిపి 10 కిలోలు, మొత్తం 80. వేగం గంటకు 30 కిలోమీటర్లు, అంటే చుట్టు పూర్తికి 5 గంటలు. ఈ వేగంలో ఆయన కాళ్లు గాలిని చీల్చడానికి 116 వాట్లు, టైరు నేల మీద నలుగుతూ దొర్లడానికి 39 వాట్లు ఖర్చు పెడతాయి. వెరసి 155 వాట్లు, రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత కరెంటు. టైరు ఘర్షణ గుణకం 0.006 అని తీసుకున్నాను. చవక సైకిళ్లతో వచ్చే మొద్దు టైరుకు అది న్యాయమైన అంకె.

ఇప్పుడు చక్రాల్లో అరకిలో తగ్గించండి. చదును రోడ్డు మీద బరువు పని చేసేది ఆ 39 వాట్లలోనే. 80 కిలోల్లో అరకిలో పోతే మిగిలేది పావు వాటు. దేవుడి గదిలో రాత్రంతా వెలిగే జీరో బల్బు అరవాటుది, ఇది దానిలో సగం. అదే కష్టంతో తొక్కితే 150 కిలోమీటర్ల చుట్టులో మిగిలే సమయం 11 సెకన్లు. కోదాడ బైపాస్ దగ్గర ఒక లారీకి దారి ఇవ్వడానికి ఆగితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

టైరు మార్చండి, లెక్క మారిపోతుంది. అంచులో ఇనుప తీగ ఉన్న గట్టి టైరు తీసి, మెత్తని గుడ్డపొర మీద మంచి రబ్బరు పోసిన, మడత పెట్టగల టైరు వేస్తే గుణకం 0.006 నుంచి 0.004కు దిగవచ్చు. మిగిలేది 13 వాట్లు. అదే చుట్టులో దాదాపు 10 నిమిషాలు ముందు వస్తారు. ఒకటి సెకన్లలో, ఇంకొకటి నిమిషాల్లో. చక్రాల ప్రకటనలన్నీ మొదటిదాని గురించే మాట్లాడతాయి. టైరు విడిగా అమ్మే సరుకు కదా, దాని గురించి వాళ్లకేం పట్టింది.

ఈ మాట అనగానే సైక్లింగ్ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు: తిరిగే బరువు వేరు, మోసే బరువు వేరు, చక్రంలో తగ్గిన గ్రాము రెండు గ్రాములతో సమానం అని. మాట అబద్ధం కాదు. రిమ్ము అంచున ఉన్న బరువు ముందుకూ పోతుంది, గుండ్రంగానూ తిరుగుతుంది. అందుకే వేగం అందుకునేటప్పుడు దానికి రెట్టింపు శక్తి కావాలి. అరకిలోను ఆగి ఉన్న చోటి నుంచి 30 వేగానికి తేవడానికి పట్టేది 35 జౌళ్లు. అదే సమయంలో 80 కిలోల మొత్తానికి పట్టేది 2,800కు పైన. మన 35 జౌళ్లు నూటికి ఒకటింపావు. 200 వాట్లతో తొక్కేవాడికి అది 0.17 సెకను. నేరేడుచర్ల దారిలో ఊరూరా స్పీడ్ బ్రేకర్లే కదా అంటారా? అరవై స్పీడ్ బ్రేకర్ల దగ్గర పూర్తిగా ఆగి మళ్లీ బయల్దేరినా 10 సెకన్లు. అదీ బ్రేకు పట్టి ఆ శక్తిని వేడిగా మార్చేస్తేనే. తొక్కడం ఆపి ఊరికే పోనిస్తే బరువు చక్రం తాను దాచుకున్నది తిరిగి ఇచ్చేస్తుంది.

కొండెక్కేవాడి సంగతి కొంచెం మెరుగు. ఎప్పుడైనా దోర్నాల దాకా కారులో సైకిలు తీసుకుపోయి శ్రీశైలం ఘాట్ ఎక్కుతానంటే, నూటికి 5 వాలున్న 5 కిలోమీటర్లు 15 వేగంతో 20 నిమిషాలు తీసుకుంటాయి. అరకిలో తగ్గితే 6 సెకన్లు కలిసివస్తాయి. పోటీలో ఆరు సెకన్లంటే పతకం. సవారీలో వంపు తిరిగి వెనక్కి చూస్తే స్నేహితుడు ఇంకా కనిపించేంత దూరం. మే నెలలో సూర్యాపేటలో 44 డిగ్రీల ఎండకు మనం మోసుకెళ్లే రెండో నీళ్ల సీసా ఒక్కటే 750 గ్రాములు. అది మానేసి అరకిలో ఆదా చేశామనుకునేవాడు హుజూర్‌నగర్ దాటడు.

లోతైన రిమ్ముల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 50 మిల్లీమీటర్ల లోతున్న కార్బన్ రిమ్ము గంటకు 40 వేగంలో 8 వాట్లు మిగిల్చిందనుకుందాం. గాలి లెక్క వేగానికి ఘనంలో పడుతుంది గనుక 30 వేగంలో అది మూడున్నరకు దిగిపోతుంది. మోచేతులు కాస్త వంచి, తల దించి కూర్చుంటే పది వాట్లు పైసా ఖర్చు లేకుండా వస్తాయి. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీ పక్కగా దూసుకుపోయినప్పుడు ఆ లోతు రిమ్ముకు తగిలే గాలిదెబ్బ వేరే లెక్క. నేనైతే 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతాను.

మరి రెండో జత దండగేనా? కాదు. దాని అసలు ప్రయోజనం అమ్మేవాళ్లు చెప్పే తేలికలో లేదు, మార్చుకోగలగడంలో ఉంది. ఒక జతకు ముల్లు దిగని మందపు టైర్లు, ఇంకో జతకు చురుకైన టైర్లు. టైరు లివర్లతో గోళ్లు విరగ్గొట్టుకోకుండా రెండు నిమిషాల్లో సైకిలు స్వభావం మారిపోతుంది. ఒక చక్రాన్ని బెండు తీయించడానికి ఇచ్చినా సవారీ ఆగదు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో ముగించాల్సిన బ్రెవే సవారీలకు వెళ్లేవాళ్లు ముందు చక్రానికి డైనమో హబ్బు పెట్టించి దాన్ని రాత్రుల కోసమే దాచుకుంటారు. ఆ గడువుల ప్రకారం గంటకు 15 కిలోమీటర్లు పోతే చాలు. అక్కడ మనిషిని ఓడించేది బరువు కాదు, అర్ధరాత్రి తెగిన పుల్ల.

పుల్ల అన్నాను గనుక ఇక్కడ కొంచెం నిలబడదాం. చక్రంలో అన్నిటికన్నా ఆలోచించాల్సింది దాని గురించే. ఇప్పటికీ పాల క్యాన్లు, కల్లు కుండలు మోసే నల్ల సైకిలును చూడండి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. బరువంతా వెనకే పడుతుందని తెలిసినవాళ్లు పెట్టిన లెక్క అది. ఆధునిక తేలిక చక్రాల్లో ముందు 20, వెనక 24 చాలంటున్నారు. గట్టి రిమ్ము, మంచి ఉక్కు ఉంటే నిజంగానే చాలు. కానీ ఒకటి తెగినప్పుడు నలభైలో ఒకటి తెగడం వేరు, ఇరవై నాలుగులో ఒకటి తెగడం వేరు. మొదటిది ఊగుతూ ఇల్లు చేరుస్తుంది, రెండోది ఫ్రేముకు రాసుకుని అక్కడే నిలబెట్టేస్తుంది.

28 మిల్లీమీటర్ల టైరు వేసిన 700సి చక్రం ఒకసారి తిరిగితే 2.13 మీటర్లు పోతుంది. మన 150 కిలోమీటర్ల చుట్టులో 70 వేల సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ప్రతి పుల్లా అడుగుకు వచ్చినప్పుడు కొంచెం వదులై, పైకి పోయేటప్పుడు మళ్లీ బిగుస్తుంది. పద్నాలుగు చుట్లకు ఒక్కో పుల్ల పది లక్షల సార్లు వదులై బిగుసుకున్నట్టు. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచితే తెగినట్టే, ఇదీ అలసిపోయి హబ్బు దగ్గరి వంపులో తెగుతుంది. బిగువు తక్కువైన పుల్లే ముందు పోతుందన్నది చాలామంది గమనించరు. వెనక చక్రంలో గొలుసు వైపు పుల్లలు 100 నుంచి 120 కిలోల బిగువుతో ఉంటే, ఎడమ వైపువి దానిలో సగం, అరవై శాతంతోనే ఉంటాయి. పళ్ల చక్రాలకు చోటివ్వడానికి హబ్బు పక్కకు జరగడమే కారణం. అందుకే తరచూ తెగేది మనం అనుమానించని ఎడమ వైపు.

మెకానిక్ చక్రం చేతిలోకి తీసుకుని మొదట చూసేది పుల్లనే. చదునుగా కత్తిలా ఉన్న ఏరో పుల్లను చూసి, "గిది తెగితె ఈడ దొరకది సార్, హైదరాబాద్ వోవాలె" అంటాడు. ఆ మాటకు నేను వంద గ్రాములు వదులుకుంటాను. మామూలు గుండ్రటి పుల్ల, మామూలు వంపు తల, ఏ షాపులోనైనా కొలత చెప్పి తెప్పించుకోగలిగినది ఉంటే చాలు.

అలా కట్టించిన జత బరువు ఎంతవుతుందో కూడి చూద్దాం. ఒక్కోటి 430 గ్రాముల అల్యూమినియం రిమ్ములు రెండు, 860. ముందు 28, వెనక 32 పుల్లలు, మొత్తం 60. చివరల్లో 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8కి సన్నబడ్డ పుల్ల ఒకటి 5.7 గ్రాములు. 60కి 342. పుల్లల చివర బిగించే ఇత్తడి నిపిళ్లు గ్రాముకొకటి, 60. హబ్బులు ముందు 150, వెనక 370. మొత్తం 1,782. చవక సైకిలుతో వచ్చే జత 2,200 ఉంటుంది కనుక 420 గ్రాములు తగ్గాయి. అల్యూమినియం నిపిళ్లతో ఇంకో 40 తగ్గించవచ్చు. చెమటా వాననీరూ తగిలి అవి పుల్లకు పట్టేసుకుంటే మాత్రం బెండు తీసేవాడి చేతిలో గుండ్రంగా అరిగిపోతాయి. ఇత్తడే మేలు.

కట్టినవే కొనాలంటే, షిమానో ఆర్‌ఎస్100 లాంటి ప్రాథమిక జత 1,900 ప్రాంతంలో ఉంటుంది. దాన్ని తేలిక జత అనలేం. కంపగ్నోలో జొండా లాంటివి 1,550 దగ్గర. ఆ కింద 1,400 లోపు దిగాలంటే కార్బన్, లేదా జేబుకు చాలా పెద్ద చిల్లు. 85 కిలోలు దాటిన మనిషి అయితే 1,600 లోపు జతల వైపు చూడకపోవడమే మంచిది. నేను చెప్పిన 28, 32 పుల్లల బదులు ఆయనకు రెండు చక్రాలకూ 32 కావాలి.

ఇక సరిపడటం. డబ్బు నీళ్లపాలయ్యేది ఎక్కువగా ఇక్కడే. "28 సైజు చక్రం" అన్న మాట నమ్మి ఏదీ తెప్పించకండి. మన పాత నల్ల సైకిలు 28 అంగుళాల రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. రోడ్ బైక్ 700సి 622. కొన్ని దేశాల్లో దాన్నీ 28 అనే పిలుస్తారు. 13 మిల్లీమీటర్ల తేడాతో ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 28-622 అని ఉంటుంది, ఆ రెండో అంకెనే నమ్మాలి.

తర్వాత వెనక ఇరుసు. రిమ్ము పట్టే బ్రేకులున్న రోడ్ బైకుకు వెనక చీలికల మధ్య దూరం 130 మిల్లీమీటర్లు. క్విక్ రిలీజ్ డిస్కు సైకిలుకు 135. లావు ఇరుసు దూరేదానికి 142. ఐదు మిల్లీమీటర్లే కదా అని ఫ్రేము లాగి ఇరికించకండి, అల్యూమినియం ఫ్రేము ఆ లాగుడును క్షమించదు. డిస్కు పళ్లెం ఆరు బోల్టులతో బిగిస్తారా, సెంటర్ లాక్‌తో బిగిస్తారా అన్నది ఇంకో ప్రశ్న. రెండు జతల్లో పళ్లెం చోటు 0.2 మిల్లీమీటరు తేడా వచ్చినా, మార్చినప్పుడల్లా బ్రేకు గీక్కుంటుంది. దానికి హబ్బు మీద పెట్టే పల్చటి వాషర్లు దొరుకుతాయి.

పళ్ల చక్రాల గుత్తి సంగతీ అంతే. చవక 7 స్పీడ్ సైకిలుకు స్క్రూలా తిప్పి బిగించే ఫ్రీవీలు ఉంటుంది. కొత్త తేలిక హబ్బులకు గుత్తి జారుడుగా ఎక్కే ఫ్రీహబ్. ఒకటి ఇంకోదాని మీద పట్టదు. 10 స్పీడ్ వాళ్లు 11 స్పీడ్ హబ్బు కొంటే 1.85 మిల్లీమీటర్ల రింగు ఒకటి వేసుకుని సరిపెట్టుకోవచ్చు. 11 స్పీడ్ వాళ్లు పాత 10 స్పీడ్ హబ్బు చవగ్గా దొరికిందని కొంటే మాత్రం మామూలు రోడ్ గుత్తి దాని మీద పట్టదు. ఇంకో చిక్కు. కొత్త జతకు కొత్త గుత్తి వేశారు, గొలుసు మాత్రం పాతది. 12 అంగుళాల నిడివి మీద గొలుసు మిల్లీమీటరున్నర సాగి ఉంటే, కొత్త పళ్లను త్వరగా అరగదీస్తుంది. రెండు జతలూ మార్చి మార్చి వాడేవాళ్లు గొలుసు కొంచెం ముందే మార్చేసుకోవడం నయం.

ఖర్చు లెక్క అందుకే చక్రాల ధరతో అయిపోదు. ధరలు నెలకోలా ఉంటాయి గనుక గ్రాముకు ఎన్ని రూపాయలు అని చూసుకోవడం తెలివి. ఉదాహరణకు జత 22,000, టేపు, క్యాసెట్ కలిపి ఇంకో 4,000, తగ్గేది 420 గ్రాములు. గ్రాముకు 62 రూపాయలు. ఉన్న చక్రాలకే మంచి టైర్లు, తేలిక ట్యూబులు 7,000 పెట్టి వేయించారనుకుందాం. టైరుకు 110, ట్యూబుకు 35 చొప్పున రెండు చక్రాల్లో 290 గ్రాములు తగ్గుతాయి. గ్రాముకు 24. పైగా ఆ 13 వాట్లు. సైకిళ్ల మీదా వాటి భాగాల మీదా జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అంతకు ముందు అడిగిన ధర గుర్తుంటే మళ్లీ అడిగి చూడండి. డబ్బు ఒకదానికే సరిపోతే ముందు టైర్లే కొనాలి. వాటిని తర్వాత కొత్త జతకు మార్చుకోవచ్చు.

టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లు, ఫ్రేములో చోటుంటే 30. రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 19 ఉంటే ఇవి చక్కగా కూర్చుంటాయి. ఇక్కడ కోరిక ఒకటి, నేల ఒకటి. నాలుగు వరుసల రహదారి అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన వెంట్రుక లాంటి ఉక్కు తీగలుంటాయి. కంటికి కనపడవు, టైరులో దిగి మెల్లగా ట్యూబును చేరతాయి. పొలం దారుల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ట్యూబు లేకుండా లోపల జిగురు పోసే పద్ధతి వీటికి మంచి మందే. కానీ టైరుకు 30, 40 మిల్లీలీటర్లు పోసిన ఆ జిగురు మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. కదిపి చూసి చప్పుడు రాకపోతే మళ్లీ పోయాలి. గాలి కూడా ఎండ చూసుకునే కొట్టాలి. తెల్లవారి 28 డిగ్రీల దగ్గర 70 పీఎస్ఐ కొట్టిన టైరు, మధ్యాహ్నం రోడ్డు మీద 55 డిగ్రీలకు కాగితే 77 చూపిస్తుంది. కొక్కెం లేని కొత్త రకం రిమ్ములకు పై హద్దు 5 బార్, అంటే 72. ఈ అంకె చూశాక ఆ రిమ్ములు నాకు వద్దనిపించింది.

కొత్త జత వచ్చాక మొదటి వంద కిలోమీటర్లకు పుల్లలు సర్దుకుంటాయి, ఒకసారి బిగువు చూపించాలి. పక్కపక్క పుల్లల్ని వేళ్లతో మీటితే ఒకే వైపువన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. ఒకటి మొద్దుగా పలికితే అదే ముందు తెగబోయేది.

పాత జతను మాత్రం అమ్మకండి. వానాకాలం పంట కోతలకు అక్టోబరు, నవంబరులో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద సన్న టైరు బేరింగు గోలీల మీద నడిచినట్టే జారుతుంది. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్ విప్పకుండానే రోడ్డెక్కి తారు మీద గాట్లు పెట్టి పోతాయి. మళ్లీ ఏప్రిల్లో యాసంగి కోతలు. ఆ నెలల్లో కొత్త జత గోడకు మేకు మీద ఉండాలి, 2,200 గ్రాముల పాతదే కింద తిరగాలి. చుట్టుకు పదకొండు సెకన్లు ఆలస్యంగా.